పాప నడక మీద మా బావ తనిఖీ

మా బావకి అనుమానం. ఫలానా మనిషి మీదనో ఫలానా వస్తువు మీదనో కాదు. ఏది చెడిపోయిందో దాన్నొక్కదాన్నీ వదిలేసి, మిగతా అన్నిటినీ అనుమానించడం ఆయన పద్ధతి. ఫ్యాను కిర్రుమంటే మనమైతే ఫ్యాను వంక చూస్తాం. ఆయన తలుపు వంక చూస్తాడు. కుర్చీ ఊగితే కుర్చీని వదిలేసి కింద గచ్చుని తడుముతాడు. ఎవరైనా తలనొప్పి అంటే చాలు, "కళ్ళజోడు ఎప్పుడు మార్చావు? తలగడ ఎంత ఎత్తు? పక్కింట్లోకి ఎవరైనా కొత్తగా దిగారా?" అని వరసగా అడుగుతాడు. తల గురించి మాత్రం అడగడు.

మా అక్క ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషితో కాపురం చేస్తోంది. "ఈయన్ని పుట్టించేటప్పుడు దేవుడు కూడా చాలా ఇబ్బంది పడి ఉంటాడు. నన్నే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, చుట్టుపక్కల ఎవరున్నారు అని నిలదీసి ఉంటాడీయన" అంటుంది. దేవుడి మీద అలాంటి మాటలకి నవ్వకూడదని నా నియమం. అయినా నవ్వొచ్చేస్తుంది. దేవుడూ నవ్వే ఉంటాడు లెండి.

బావ నీటి సరఫరాలో ఇంజనీరు. ఊరికి నీళ్ళు తోడే పంపులన్నీ ఆయన అజమాయిషీలో ఉంటాయి. చొక్కా జేబులో అందరికీ కలం ఉంటే ఆయనకి పొడుగాటి స్క్రూడ్రైవరు ఉంటుంది. దాని మొన పంపుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. లోపల ఏది అరిగిందో ఆ చప్పుడే చెప్పేస్తుందట. పంపులతో ఆగితే బాగానే ఉండేది. పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి వచ్చి, అమ్మ కాఫీ కలిపేలోపు వంటింటి గోడకి స్క్రూడ్రైవరు ఆనించాడు.

"ఏం వింటున్నారు అల్లుడుగారూ?" అంది అమ్మ.

"ఏం లేదత్తయ్యా. ఈ గోడ ఏదో దాస్తోంది."

అమ్మ నొచ్చుకుంది. గోడలు దాచిపెట్టేంత గొప్ప సంగతులు మా ఇంట్లో ఎక్కణ్ణించి వస్తాయి? వారం తిరిగేసరికి గోడ చెమ్మగిల్లింది. లోపల గొట్టం కారుతోంది. బావ సెలవు రోజున వచ్చి గోడ పగలగొట్టి, గొట్టం మార్చి, మళ్ళీ కట్టి, సున్నం కూడా వేశాడు. భోజనానికి ఉండమని అమ్మ బతిమాలితే, "ఇంత మర్యాద చేస్తున్నారు, ఇంకే గోడైనా ఉందా?" అన్నాడు.

ఆయన పనితనం తెలియాలంటే దర్జీ కుళాయి సంగతి చెప్పాలి. మా వీధి చివరి మేడలో మూడో అంతస్తు దర్జీది. పొద్దున్నే ఆయనకి నీళ్ళు రావు. ప్లంబర్లు మూడుసార్లు కుళాయి మార్చారు. ప్రతి కొత్త కుళాయీ పాతదానికంటే బాగా మెరిసింది, నీళ్ళు మాత్రం రాలేదు. బావని పిలిస్తే ఆయన అసలు మేడ ఎక్కలేదు. కింది నుంచి ఒక్కో తలుపూ కొట్టి, "మీరు ఎన్నింటికి స్నానం చేస్తారు?" అని అడగడం మొదలుపెట్టాడు. ఒకావిడ చీపురు తీసింది. బావ చీపురుకి దూరంగా నిలబడి సమాధానం రాసుకున్నాడు.

"నీ కుళాయికేం రోగం లేదయ్యా" అని చివరికి దర్జీతో చెప్పాడు. "ఆరింటికి ఈ మేడలో పదకొండు మంది నీళ్ళు తిప్పుతున్నారు. ఒక్కొక్కరూ కాసేపే. ఆ కాసేపులన్నీ కలిసి నీ నెత్తిన పడుతున్నాయి."

"అయితే ఇప్పుడు ఎవర్ని తిట్టమంటారు?"

"ఎవర్నీ వద్దు. కింది అంతస్తు ఇస్త్రీ అతను తన డ్రమ్ము ఏడింటికి నింపుకుంటానన్నాడు. రేపు చూడు."

మర్నాడు దర్జీకి నీళ్ళొచ్చాయి. ఆ సంతోషంలో ఆయన బావకి ఒక చొక్కా కుట్టి ఇచ్చాడు. బావ దాన్ని రెండు రోజులు తిరగేసి మరగేసి చూశాడు. "జేబు ఇంత పెద్దదిగా ఎందుకు కుట్టాడబ్బా!"

ఇలాంటి మనిషి మా పాప కాళ్ళ జోలికి వస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు.

నాకు ఒక్కతే కూతురు. పదిహేడు నెలలు నిండాయి, నడక రాలేదు. పాకుతుంది, కుర్చీ పట్టుకుని లేస్తుంది, లేచి రెండు చేతులూ పైకి చాస్తుంది. అంతటితో సరి. డాక్టరమ్మ కాళ్ళు మడిచి, చాచి, నిలబెట్టి చూసింది. "ఎముకల్లో, కీళ్ళలో ఏ లోపమూ లేదు. కొందరు ఆలస్యంగా నడుస్తారు. పద్దెనిమిది నిండాక కూడా నడవకపోతే మళ్ళీ తీసుకురండి, పెద్ద డాక్టరుకి చూపిద్దాం" అంది. మంచి మాటే. కానీ మా ఇంట్లో ఆ మాటలో చివరి ముక్క ఒక్కటే మిగిలింది.

నేను చిన్న పిల్లల బడిలో ఉపాధ్యాయుణ్ణి. "మాస్టారు ఊరి పిల్లలందరినీ వరసలో నడిపిస్తారు, సొంత పిల్లని తప్ప" అని పక్కింటాయన ఒక పరిహాసం విసిరాడు. అది నేను సర్దుకున్నాను. సర్దుకోలేని మాటలు ఇంట్లో నడిచాయి.

"తల్లి చురుగ్గా ఉంటే పిల్ల చురుగ్గా ఉంటుంది" అనేది అమ్మ, గోడకేసి చూస్తూ.

"మావైపు పిల్లలందరూ పదో నెలకే నడిచారు" అనేది నా భార్య, అదే గోడకేసి చూస్తూ.

పాపం, ఆ గోడ ఎన్ని విందో! నా భార్య పొద్దుటిపూట మందుల దుకాణంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం వచ్చేదాకా పాప అమ్మ దగ్గరే. ఎదురింటి నుంచి అక్క కూడా వచ్చి ఆడిస్తుంది. ఇద్దరూ పాప మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే. అందుకే మాటలు అంత పదునుగా ఉండేవి. చివరికి ఒకరోజు నా భార్య నాతో తేల్చి చెప్పేసింది.

"పద్దెనిమిది నిండేలోపు నడిస్తే సరే. లేకపోతే పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్తా. అక్కడికెళ్ళాక నడిచిందనుకోండి, తప్పెవరిదో తేలిపోతుంది. ఇంక నేను ఈ ఇంటికి రాను."

అప్పటికి పంతొమ్మిది రోజులుంది. నేను దేవుడితో చెప్పుకున్నాను. అక్క మొగుడితో చెప్పుకుంది. దేవుడు నిదానంగా ఆలోచిస్తూ ఉండగానే బావ నాలుగు రోజులు సెలవు పెట్టాడు.

అక్క హడలిపోయింది. పదేళ్ళలో ఆయన జ్వరానికి కూడా సెలవు పెట్టలేదు. "నిజం చెప్పండి, ఉద్యోగం ఊడిందా?" అని అడిగితే, "అలా అని నీకెవరు చెప్పారు?" అని ఎదురు అనుమానించాడట.

పొద్దున ఆరింటికి మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చంకలో గడియారం, చేతిలో టేపు, మట్టం చూసే నీళ్ళ గొట్టం, పంపుహౌసులో గంటగంటకీ ఒత్తిడి రాసుకునే గళ్ళ కాగితాల కట్ట.

"ఎవరూ నన్ను పట్టించుకోవద్దు. నేనిక్కడ లేననుకుని మామూలుగా ఉండండి" అన్నాడు. అని, హాలు మధ్యలో నీళ్ళ గొట్టం పరిచాడు.

మొదట గచ్చు వాలుని అనుమానించాడు. తరవాత పాప చెప్పుల్ని. తరవాత చాపని, గడప ఎత్తుని, ఉయ్యాల తాడుని. బడికి సెలవులు కనక నేనూ ఇంట్లోనే ఉన్నాను, తరవాత నా వంతు వచ్చింది.

"నువ్వు పొద్దున ప్రార్థన చేసేటప్పుడు పాప ఎక్కడుంటుంది?"

"నా ఒళ్ళో, బావా."

"ఎంతసేపు?"

"మనసు నిలిచేదాకా. ముప్పావుగంట."

"ఆ సంగతి దేవుడికి తెలుసా?"

"ఆయనకి తెలియనిదేముంది?"

"అయితే ఆయన పేరు కూడా రాయి" అని కాగితం నా చేతికిచ్చాడు. "నువ్వు కూడా అనుమానితుడివే. కానీ నీ దస్తూరీ బావుంటుంది."

అప్పుడు మా బావ, ఊరంతటికీ నీళ్ళిచ్చే ఇంజనీరు, హాలు మధ్యలో బోర్లా పడుకున్నాడు. గడ్డం నేలకి ఆనించి, కళ్ళు మాత్రం తిప్పుతూ చూస్తున్నాడు. అమ్మ గిన్నెలతో వచ్చి కెవ్వుమంది.

"అల్లుడుగారూ! కళ్ళు తిరిగాయా?"

"లేదత్తయ్యా. ఇక్కణ్ణించి చూస్తే మీరంతా మోకాళ్ళే."

పాపకి ఇంత చక్కటి మనిషి ఇంతకు ముందెప్పుడూ దొరకలేదు. పాక్కుంటూ వచ్చి ఆయన వీపెక్కింది. పేపరు వేసే అతను గుమ్మంలోంచి తొంగి చూసి, పేపరు చాలా మెల్లగా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

"బావమరిదీ, నువ్వు కూడా పడుకో" అన్నాడు బావ. పక్కనే పడుకున్నాను. "ఏం కనిపిస్తోంది?"

"కుర్చీ కింద బూజు."

"బూజు దులపడానికి పిలిచానా నిన్ను? పాపని చూడు."

చూశాను. పాప కుర్చీ మీది గ్లాసు కోసం పాకుతోంది. కుర్చీ కోడు పట్టుకుంది. ఒక మోకాలు లేచింది. ఇంతలో పైనుంచి ఒక చెయ్యి వచ్చింది. అక్క చెయ్యి. గ్లాసు పాపకిచ్చి, పాపని చంకనేసుకుంది. మరికాసేపటికి దింపితే పాప బంతి వైపు బయల్దేరింది. ఈసారి అమ్మ చెయ్యి వచ్చింది. బంతీ అందింది, పాపా గాల్లోకి లేచింది.

"చూశావా?" అన్నాడు బావ గుసగుసగా. "పంపు తిరగబోయేసరికి ఎవరో ఒకరు బిందెతో నీళ్ళు తెచ్చి పోసేస్తున్నారు. ఇంక అదెందుకు తిరుగుతుంది?"

ఆ క్షణం నుంచి పాప పాదం నేల వదిలిన ప్రతిసారీ, ఎత్తింది ఎవరు, ఎంతసేపు అని నేను రాయాలి. ఇంతకుముందు మా ఇంట్లో ఒక్కరికే అనుమానం ఉండేది. ఇప్పుడు అందరికీ అంటుకుంది.

"కోడలే మీ బావని పిలిపించింది. నా మీద ఏదో రాయిస్తోంది" అంది అమ్మ నా చెవిలో.

"అన్నయ్యగారు ఎంతైనా ఈ ఇంటి అల్లుడు. నా పక్షాన రాస్తారా?" అంది నా భార్య రెండో చెవిలో.

"తమ్ముడూ, నాది కాస్త తగ్గించి రాయరా. ఇంటికెళ్ళాక ఈయనతో పడలేను" అంది అక్క. నాకు మూడో చెవి లేదు కనక బాహాటంగానే అంది.

రెండో రోజు అమ్మ ఒక ఉపాయం పన్నింది. "పాపకి ఎండ తగలాలి" అంటూ పెరటి వసారాలోకి తీసుకెళ్ళింది. బావ ముందు గదిలో వీధి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"రాసుకో. పది గంటల అయిదు. అత్తయ్య."

"చూడకుండానే ఎలా చెప్పావు బావా?"

"అడుగు చప్పుడు బరువెక్కింది."

మూడో రోజు సాయంత్రం లెక్కంతా కూడి, రోజుకి సగటు తీశాను. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా పాప నేల మీద ఉన్నది ముప్పై అయిదు నిమిషాలు. అదీ ఏకంగా కాదు, ముక్కలు ముక్కలుగా. అన్నిటికంటే పెద్ద ముక్క నాలుగు నిమిషాలు. ఇక ఎత్తుకున్నవాళ్ళ వరసలో అక్కది, నాది, నా భార్యది తలా గంటా రెండు గంటలు. అమ్మది అయిదు గంటల నలభై నిమిషాలు. నిద్రపోయే వేళ తప్ప తక్కిన రోజులో సగానికి పైగా.

ఆర్నెల్లుగా కోడల్ని గోడకి చెప్పి తిడుతున్నది అమ్మే. ఇప్పుడీ కాగితం చదివితే అమ్మ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? నా భార్య వచ్చి, "రేపు అందరి ముందూ చదవమనండి. ఒక్క అంకె కూడా దాచొద్దు" అంది. నేను వెళ్ళి బావ చేతులు పట్టుకున్నాను.

"బావా, చదవకపోతే ఏం?"

"కాగితం చదవకుండా నేను ఏ పంపూ బాగుచెయ్యలేదు."

"పంపుకి మనసుండదు కదా?"

"ఉండదని నీకెవరు చెప్పారు?" అన్నాడు. రాతి మనిషి అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

నాలుగో రోజు సాయంత్రం అందరం ముందు గదిలో కూర్చున్నాం. పాప అమ్మ ఒళ్ళో ఉంది. నా భార్య నిటారుగా కూర్చుంది. బావ గొంతు సవరించుకున్నాడు.

"పాప కాళ్ళలో లోపం లేదు. డాక్టరమ్మ మాట నేను నమ్మలేదు గాని, నిజమే చెప్పింది. నేల మీద పాపకి రోజుకి దొరుకుతున్నది ముప్పై అయిదు నిమిషాలు. అంత వ్యవధిలో నేనైనా నడక నేర్చుకోలేను. ఇక ఎత్తుకున్నవాళ్ళు. చాలామందిది తలా గంటా రెండు గంటలు. అందరికంటే ఎక్కువ ఎత్తుకున్నది..."

అమ్మ పాప వీపు నిమురుతోంది. ఆ చెయ్యి ఆగిపోయింది.

"...నేను" అన్నాడు బావ. "అయిదు గంటల నలభై నిమిషాలు. తప్పంతా నాది."

ఈ నాలుగు రోజుల్లో బావ పాపని ఎత్తుకున్నది సరిగ్గా ఒక్కసారి. అదీ పాప ఆయన స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకోబోతే. అక్క నోరు తెరిచింది.

"మీరా? ఎత్తుకోవడం మీకొచ్చా? ఆ ఒక్కసారీ మోటారు పట్టుకున్నట్టు పట్టుకున్నారు పిల్లని!"

"అనుమానమా?" అన్నాడు బావ, చాలా గంభీరంగా. "కాగితంలో ఉంది."

నా భార్య ఆయన వంక చూసింది. తరవాత ఆగిపోయిన అమ్మ చేతి వంక చూసింది. చాలాసేపు చూసింది.

"నాది రెండు గంటలేనా అన్నయ్యగారూ? తప్పు రాశారు" అంది చివరికి. "ఇంటికి రాగానే ఎత్తుకుంటే మళ్ళీ నిద్రపోయేదాకా దింపను. ఇంకో రెండు గంటలు నా పేరున వెయ్యండి."

"అయితే నాదీ పెంచు తమ్ముడూ" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "నిన్న తగ్గించి రాయమని లంచంగా బిస్కట్లు పెట్టాను."

"నా ప్రార్థన గంటా పావు" అన్నాను నేను. "మనసు అంత తొందరగా నిలవదు."

"ఆగండర్రా!" అంది అమ్మ. "రోజుకి ఇరవై నాలుగే గంటలు. అందరూ పంచేసుకుంటే నాకేం మిగులుతుంది? ఆ అయిదు గంటల నలభై నావి. నా అల్లుడికి అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాదు. పిల్ల పడుతుందేమోనని భయం నాకు. నా భయం దాని కాళ్ళకి అడ్డం పడిందని నాకేం తెలుసు? ఏమ్మా, నిన్ను అన్నేసి మాటలన్నాను."

నా భార్య లేచి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది. "మీరు మోశారు కనకే నేను కొట్లో నిశ్చింతగా నిలబడ్డానత్తయ్యా. అది నాకు తోచనే లేదు" అంది.

అమ్మ పాపని ముద్దు పెట్టుకుని, తన చేతులతో తనే నేల మీద దింపింది. పాపకి ఇదంతా నచ్చలేదు. గుక్కపెట్టి ఏడ్చింది.

బావ అప్పటికప్పుడు కొత్త పద్ధతి చెప్పాడు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఎవరి చేతులూ పైనుంచి రాకూడదు. ఏడిస్తే మనమే కిందికి దిగి పక్కన కూర్చోవాలి. ఆడుకునే వస్తువులన్నీ కుర్చీల మీదే ఉండాలి. చేతులు ఊరుకోకపోతే తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. మా ఇంటికి ఎవరైనా వస్తే, నలుగురు పెద్దవాళ్ళు నేల మీద వరసగా చేతుల మీద కూర్చుని కనిపించేవాళ్ళం. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే బావ కూడా వరసలో చేరేవాడు. అమ్మ చేతులు ఎక్కువగా జారిపోతున్నాయని ఆమె పక్కనే కూర్చునేవాడు. ఆమెకి కబుర్లు చెప్పేవాడు. ఆయన కబుర్లంటే ఏముంటాయి, ఎవరెవరు ఎన్నింటికి స్నానం చేస్తారో!

ఒకరోజు పొద్దున ఆయన ఆఫీసుకి వెళ్తుంటే వీధి మలుపు దాకా సాగనంపుతూ అడిగాను.

"బావా, సంగతేమిటో నీకు మొదటి రోజే తెలిసిపోయింది కదా? ఇంకా మూడు రోజులు అక్కనీ, నా భార్యనీ, నన్నూ, దేవుణ్ణీ ఎందుకు అనుమానించావు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినడం లేదని నమ్మకం కుదిరాక చెప్పాడు.

"ఒక్కరినే అనుమానిస్తే అది నింద అయ్యా. అందరినీ అనుమానిస్తే తనిఖీ."

ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషి మా గోడల్నీ, కుర్చీల్నీ, తలగడల్నీ అడిగిన ప్రశ్నలన్నీ నాకు ఒక్కసారిగా కొత్తగా వినిపించాయి. వాటిల్లో ఒక్కటి కూడా నొప్పి పడుతున్నవాణ్ణి దబాయించిన ప్రశ్న కాదు.

పద్దెనిమిది నిండటానికి ఇంకా నాలుగు రోజులుంది. సాయంత్రం అయిదయి ఉంటుంది. మేం అయిదుగురం చేతుల మీద కూర్చుని ఉన్నాం. పాప కుర్చీ పట్టుకుని లేచింది. కుర్చీ మీది బంతి వంక చూసింది. అలవాటు కొద్దీ చేతులు పైకి చాచింది. ఎవరూ రాలేదు. చేతులు అలాగే గాల్లో ఉంచుకుని ఇటు తిరిగింది. ఒక అడుగు వేసింది. ఊగింది. ఇంకో అడుగు. మూడు. నాలుగు. మమ్మల్ని ఎవర్నీ లెక్కచెయ్యకుండా, మా వరసని దాటుకుని, తీసి ఉన్న తలుపు వైపు బయల్దేరింది.

బావ తప్ప నలుగురం ఒక్కసారే లేచాం. ఎనిమిది చేతులు ముందుకి చాచాం.

"ఎవరూ ముట్టుకోవద్దు!" అని అరిచింది అమ్మ.

ఆగిపోయాం. పాప గడప దగ్గర కూలబడి, దాన్ని పాకి దాటి, అవతల మళ్ళీ లేచింది. వీధిలోకి నడిచింది. పాప వెనకాల, చేతులు వెనక్కి కట్టుకుని మేం నలుగురం, అందరికంటే ముందు అమ్మ. పాప అడుగుకి మా అడుగు. పాప పడితే ఆగుతున్నాం, లేస్తే కదులుతున్నాం.

బావ మాత్రం మమ్మల్ని దాటుకుని వెళ్ళి, పాపకి పది గజాలు ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ చాచి వీధి మొత్తం ఆపేశాడు. సైకిలు మీద వస్తున్న ఒకాయన దిగి, మెడ చాచి చూశాడు.

"ఏమండీ, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారా?"

"మా అత్తయ్యగారి మనవరాలు" అన్నాడు బావ. "కాస్త పక్కకి జరగండి."